దీవి ఆవలి ఒడ్డు

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గంవారు కబురు పంపినప్పుడు, రాజమహేంద్రవర చరిత్రను గురించి పాఠంవంటి వ్యాసం ఒకటి వ్రాసి పంపుదామనుకొన్నాను. ముప్పది సంవత్సరాలకు పైగా చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకొంటున్నవాడికి అది కష్టమైన పని కాదు. కాని అంతకు నెలరోజుల ముందు ఒక చిన్న ప్రయాణం చేసి వచ్చాను. కాగితం ముందు కూర్చుంటే కలం ఆ ప్రయాణం వైపే నడిచింది. కళాశాల కమిటీ పెద్దలూ, విద్యార్థి మిత్రులూ మన్నించాలి.

ఆ ప్రయాణానికి కారణం మధ్యధరా సముద్రంలోని ఒక దీవి. ఈ ఊళ్ళో నా వద్ద చదువుకొన్న శిష్యుడొకడు కొన్నేళ్ళుగా మాల్టాలో ఒక హోటలులో ఉద్యోగం చేస్తున్నాడు. పండుగనాడు తప్పక పలకరిస్తాడు. గడచిన చలికాలంలో అతడు ఫోనులో కొన్ని ఛాయాచిత్రాలు పంపాడు. సిరాబుడ్డి ఒలికినట్లున్న నీలి సముద్రం, తేనెరంగు సున్నపురాతి గోడలు, రాళ్ళమధ్య చిన్న చిన్న ఇసుక తీరాలు. "మేస్టారూ, ఒకసారి రండి. మీరు క్లాసులో చెప్పిన రాతి గుళ్ళు దగ్గరుండి చూపిస్తాను" అని వ్రాశాడు. గోజో దీవిలోని జగాంతియా ఆలయాల సంగతి అది. క్రీస్తుకు పూర్వం 3600 ప్రాంతంలో కట్టినవి, ఈజిప్టు పిరమిడ్లకంటె పాతవి. 1565లో ఉస్మానియా నౌకాదళం నెలల తరబడి ముట్టడించినా లొంగని కోటలు కూడ అక్కడివే. ఇంకొక ముచ్చట అతడే కనిపెట్టి వ్రాశాడు: "ఇక్కడ దీవిని గ్జీరా అంటారు సార్, మన ఉర్దూ జజీరా లాగానే." మాల్టా భాష అరబ్బీ గర్భాన పుట్టి రోమను లిపిలో బ్రతుకుతున్న భాష. పుస్తకంలో చదివి నేను ఎన్నోసార్లు చెప్పిన సంగతిని అతడు బజారులో విని నాకు తిరిగి చెప్పడం ఎంతో ముచ్చట అనిపించింది.

మోకాళ్ళ నొప్పి, పాస్‌పోర్టు లేకపోవడం, ఇత్యాది కారణాలు చూపి రాలేనన్నాను. "పోనీ, మన ప్రక్కన సముద్రంలో దీవి ఏదీ లేదా మేస్టారూ?" అని అడిగాడు. కాకినాడ ఎదుట హోప్ దీవి ఉన్నదన్నాను. "మీరు చూశారా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు వ్రాయలేకపోయాను. అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న కాకినాడకు లెక్కలేనన్ని సార్లు వెళ్ళాను. పెళ్ళిళ్ళకు వెళ్ళాను, పరీక్షపత్రాలు దిద్దడానికి వెళ్ళాను. ఆ దీవిమీద అడుగు పెట్టలేదు. బద్ధకం ఒక కారణమే. రెండవ కారణం మా నానీ.

మా నానీకి ఏడేండ్ల వయస్సులో, అంటే 1925 ప్రాంతంలో, ఆమె తండ్రి రంగం వెళ్ళాడు. రంగూనును మన ప్రాంతాలలో రంగం అనేవారని ఈ తరం విద్యార్థులు ఎరుగరేమో. ఆయన ఖలాసీ. ఓడలలోనూ, రేవులలోనూ బరువులెత్తే పని. ఏటా రెండు మూడుసార్లు మనియార్డరు వచ్చేదట. 1930 తరువాత అది ఆగిపోయింది. ఉత్తరమూ లేదు, మనిషీ లేడు. మా ఇంట్లో ఎవరైనా కాకినాడనుండి కాజాలు తెస్తే చాలు, నానీ ఆ కథ మొదలుపెట్టేది. కాజా తుంచి నోట్లో వేసుకొంటూ, "అబ్బా నా చేతిలో కాజాల పొట్లం పెట్టి పడవ ఎక్కాడు. ఆ పడవ దూరాన ఉన్న పొగ ఓడ దగ్గరికి పోయింది. ఓడ కదిలింది. ఎదురుగా నీళ్ళమీద ఇసుక గీత ఒకటి ఉండేది, సున్నంతో గీసినట్టు. ఓడ దాని వెనక్కి పోయింది. ఓడ కనబడలేదు, పొగ మాత్రం ఆ గీత మీద చాలాసేపు కనబడింది. పొగ కూడ పోయాక పొట్లం విప్పాను" అని చెప్పేది. ఎప్పుడు చెప్పినా ఇవే మాటలు, ఇదే వరుస. చివరకు "కోరంగి రేవు బేటా అది" అని ముగించేది.

1978లో నేను బి.ఏ. చరిత్ర విద్యార్థిని. క్రొత్తగా గ్రంథాలయంలో కూర్చుని జిల్లా చరిత్ర చదువుతున్న రోజులు. ఒకనాడు ఆ కథ మధ్యలో అడ్డుపడ్డాను. "నానీ, కోరంగి రేవు నువ్వు పుట్టకముందే పూడిపోయింది. 1925లో అక్కడికి పొగ ఓడలు ఎక్కడివి? నువ్వు చిన్నపిల్లవి, ఎవరో చెప్పింది విని నువ్వే చూశాననుకొంటున్నావు" అన్నాను. ఇంట్లో అందరూ నా పాండిత్యానికి నవ్వారు. నానీ కూడ నవ్వింది. "చదువుకొన్నవాడివి, నువ్వు చెప్పిందే నిజమై ఉంటుంది" అన్నది. అంతే. 1986లో ఆమె కన్నుమూసే వరకు మళ్ళీ ఆ కథ ఆమె నోట వినలేదు. కాజాలు వస్తే తీసుకొని ప్రక్కన పెట్టేది.

శిష్యుని ప్రశ్న ఈ పాత గాయాన్ని కదిపింది. మాఘమాసంలో ఒక శనివారం రైలెక్కాను. కడియం పూలతోటలు, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట, అన్నీ ఎరిగిన స్టేషన్లే. కాకినాడలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముని కుమారుడు అటవీశాఖవారి అనుమతి, పడవ ముందే కుదిర్చి ఉంచాడు. ఆదివారం తెల్లవారుజామున జగన్నాథపురం వంతెన దాటి ఏటి ఒడ్డుకు చేరుకొన్నాము. ఈ జగన్నాథపురంలో ఒకప్పుడు డచ్చివారి వర్తకస్థానం ఉండేది. 1825లో అది ఇంగ్లీషువారి పరమైనది. ఇప్పుడు చూడవలసినవి చేపల పడవలే. వరుసగా రంగురంగులుగా నిలిచి ఉన్నాయి. మా పడవ సరంగుకు నలుబది ఏండ్ల లోపే ఉంటాయి. సరంగు, ఖలాసీ అనే ఈ మాటలు ఉర్దూవా, తెలుగువా అని అడిగితే మన కళాశాలలో ఉభయ శాఖలవారూ మావే అంటారు కాబోలు.

ఏరు దాటి అఖాతంలోకి వచ్చేసరికి ప్రొద్దు పొడిచింది. నీటిలో అలలు లేవు. గోదావరిలో వెళుతున్నట్లే ఉన్నది. కుడిచేతి వైపు దూరంగా మడ అడవుల నల్లని అంచు. ఎదురుగా మంచు విడిపోతుండగా నీటిమీద ఒక గీత కనబడింది. సన్నగా, తెల్లగా, ఈ కొస నుండి ఆ కొస వరకు. పైన అక్కడక్కడ సరుగుడు చెట్లు లేకపోతే అది సున్నపు గీతే.

"అదేనాండీ దీవి?" అన్నాను సరంగుతో. 

"ఆయ్. అదేనండి మేస్టారూ. దాని అవతల అసలు సముద్రమండి."

తమ్ముని కుమారుడు ఏదో అడుగుతున్నాడు. నాకు వినబడలేదు. నలుబదియేడు సంవత్సరాల క్రిందట నేను అబద్ధమన్న గీత నా ఎదుట ఉన్నది. నానీ చూసింది. ఏడేండ్ల పిల్ల ఈ ఒడ్డున నిలబడి, ఉన్నది ఉన్నట్లు చూసింది. ఆ రోజులలో పొగ ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసేవి, ప్రయాణీకులను పడవలలో తీసుకొనిపోయి ఎక్కించేవారు. ఇదంతా నేను పాఠంగా చెప్పినవాడినే. కాజాల పొట్లం కాకినాడ రేవున కాక మరెక్కడ కొంటారు? ఆమె చెప్పిన ప్రతి వివరమూ సరిగా ఉన్నది. రేవు పేరు ఒక్కటే తప్పు. నేను ఆ పేరును పట్టుకొన్నాను.

గంటకు పైగా పట్టింది దీవి చేరడానికి. మోకాలిలోతు నీటిలో దిగి నడవవలసి వచ్చింది. నా వంటివారు చేతికర్ర తెచ్చుకోవడం మేలు.

దీవి అనగానే మన ఊహకు రాతిగుట్ట తోస్తుంది. మాల్టా అటువంటిది. హోప్ దీవిలో నాకు ఒక్క రాయి కనబడలేదు. అంతా ఇసుక. సుమారు 16 కిలోమీటర్ల పొడవు, తోకకప్ప వంటి ఆకారం, మొత్తం విస్తీర్ణం 8 చదరపు కిలోమీటర్లకు మించదు. మాల్టా దీవులన్నీ కలిపి 316 చదరపు కిలోమీటర్లు. వయస్సులో తేడా మరీ విడ్డూరం. ఈ దీవి పుట్టి రెండు వందల ఏండ్లు అయి ఉంటుందంతే. మన ప్రధాన వీధిలోని పాత మసీదు శాసనం 1324 నాటిది. ఆ శాసనం చెక్కిననాడు ఈ దీవి లేదు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టిననాటికి ఇది ఇంకా బాల్యంలో ఉన్నది.

దీనిని కన్నది మన గోదావరి. ఆషాఢ శ్రావణాలలో పుష్కరాలరేవున నిలబడి "ఎర్రనీరు వచ్చింది" అని మనం అనుకొంటాము కదా, ఆ ఎరుపంతా మహారాష్ట్ర, తెలంగాణ నేలల మట్టి. త్ర్యంబకం నుండి 1465 కిలోమీటర్లు ఈడ్చుకొనివచ్చిన ఒండ్రును గౌతమీ పాయ సముద్రంలో దించుతుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు తీరం వెంబడి ఉత్తరంగా త్రోస్తాయి. ఆ త్రోపుడుకు బరువైన ఇసుక గీతగా సాగి, ఏటేటా ఉత్తరానికి పెరుగుతూ దీవి అయినది. దానికీ కాకినాడకూ మధ్య చిక్కుకొన్న నీరే ఇందాక మేము దాటిన అఖాతం. సముద్రపు తాకిడి తగలని ఆ నిలకడ నీటిలో తేలికైన బురద అడుగున కూర్చుంటుంది, బురదలో మడచెట్లు మొలుస్తాయి. కాకినాడ రేవుకు ఓడలు నిశ్చింతగా రావడానికీ, ఉప్పెన వచ్చినప్పుడు పట్టణానికి కొంత అడ్డు ఉండడానికీ ఈ ఇసుకకట్టే కారణం. అయితే ఎగువన ఆనకట్టలు పెరిగినకొద్దీ కడలికి చేరే ఒండ్రు చాలా తగ్గిపోయింది. ఉత్తరాన ఉప్పాడ తీరాన్ని సముద్రం ఏటేటా కోసుకొనిపోతూ, ఇండ్లనూ రోడ్డునూ మింగుతున్నది. దీవి భవిష్యత్తు ఏమిటో భూగోళశాస్త్రం చదివే విద్యార్థులు ఆలోచించదగిన విషయం.

ఇసుకలో నడచి ఆవలి ఒడ్డుకు చేరడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. దీవి అంత సన్నన. కాని ఆ కొద్దిపాటి నడకలో లోకమే మారిపోయింది. ఇటు చెరువువంటి నీరు, అటు ఘోష పెట్టే బంగాళాఖాతం. ఒడ్డు పొడవునా తాబేళ్ళు ప్రాకిన జాడలు, ట్రాక్టరు చక్రాల గుర్తులవలె ఉన్నాయి. ఆలివ్ రిడ్లే అనే జాతి తాబేళ్ళు చలికాలపు రాత్రులలో ఇక్కడకు వచ్చి, ఇసుక తవ్వి, ఒక్కొక్కటి నూరు వరకు గ్రుడ్లు పెట్టి, కప్పి, తిరిగి చూడకుండా సముద్రంలోకి పోతాయి. నలుబదియైదు మొదలు అరవై రోజులలో పిల్లలు వస్తాయి. ఒకచోట చచ్చిన తాబేలు కూడ కనబడింది. మరబోటు వలలో చిక్కి ఊపిరాడక చస్తాయని సరంగు చెప్పాడు. చెప్పి, తల దించుకొన్నాడు. ఆయనా వల వేసేవాడే.

అక్కడ తూర్పుకు ముఖం చేసి చాలాసేపు నిలబడ్డాను. నానీకి కనబడని భాగం ఇది. ఓడ ఇక్కడ సాఫీగా సాగిపోతూ, ఎప్పటికో రంగం చేరింది. అక్కడ ఏమి జరిగిందో గ్రంథాలలో ఉన్నంతవరకు చెప్పగలను. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో బరువులు మోసేవారిలో అధికులు తెలుగువారు. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మావారిని పనిలో పెట్టుకొన్నారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి రాగానే బర్మావారిని పొమ్మన్నారు. అక్కడ రాజుకొన్న అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, చనిపోయినవారిలో మనవారే హెచ్చు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేసిన తరువాత లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చారు. తరువాత వచ్చినవారికి విశాఖపట్టణంలో బర్మా క్యాంపు వెలసింది. మా నానీ తండ్రి ఈ వరుసలో ఎక్కడ రాలిపోయాడో, లేక అక్కడే మరొక సంసారం పెట్టుకొని సుఖంగా ఉన్నాడో తెలియదు. రెండవది నిజమైతే బాగుండునని ఆ ఒడ్డున నిలబడి కోరుకొన్నాను. నానీ వింటే ఏమనునో!

సరంగు అరచేయి అడ్డుపెట్టి ఆకాశం చూసి, ఎండ ముదరకముందే తిరుగుదామన్నాడు. 1996 నవంబరు 6 తుపాను నాడు తనకు పదేండ్లని త్రోవలో చెప్పుకొచ్చాడు. వేటకు వెళ్ళిన బంధువులు పలువురు తిరిగి రాలేదట. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, కోనసీమ కొబ్బరితోటలు నేలకు ఒరిగాయి. "శవం దొరికినోళ్ళు ఏడిచేశారండి. దొరకనోళ్ళు చాన్నాళ్ళు ఎదురు చూశారండి" అన్నాడు. నేనేమీ అనలేదు.

మరునాడు సోమవారం ఒంటరిగా బస్సెక్కి కోరంగి వెళ్ళాను. యానాం దారిలో కొద్ది మైళ్ళే. పేరు మిగిలిన రేవు అది. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు, దేశదేశాల వర్తకులు మసలిన చోటు. 1789 డిసెంబరులో మూడు అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచాయి. హెన్రీ పిడింగ్టన్ అనే కలకత్తా శాస్త్రజ్ఞుడు ఆ ఉప్పెన వృత్తాంతాన్ని గ్రంథస్థం చేశాడు. ఇంగ్లీషులో సైక్లోన్ అనే మాటను పుట్టించినవాడు ఆయనే, పాము చుట్టను తలపించే గ్రీకు పదం నుండి. 1848 నాటి ఆయన గ్రంథంలో అది అచ్చయింది. అంటే మధ్యధరా తీరపు మాట ఒకటి మన తీరపు దుఃఖానికి పేరై కూర్చున్నది. మళ్ళీ 1839 నవంబరు 25న నలుబది అడుగుల ఉప్పెన వచ్చిందంటారు. మూడు లక్షలమంది మరణించారని చాలా పుస్తకాలలో అచ్చవుతున్నది. ఆనాటి ఆ పల్లెల్లో అంతమంది ఉన్నారంటే నాకు నమ్మకం కుదరదు. మూడు లక్షలు కాకపోయినంతమాత్రాన ఆ నష్టం చిన్నది కాదు. ఉప్పెన తరువాత రేవు తేరుకోలేదు. మిగిలిన పని బురద చేసింది. దీవిని పెంచిన ఆ గోదావరి మట్టే కోరంగి ఏటి ముఖాన్ని పూడ్చింది.

1978లో నేను నానీకి చెప్పినది అక్షరాలా నిజమే. అయినా నా పని ఇంకొకటి ఉన్నది. అక్కడి మడ అడవిలో అటవీశాఖవారు వేసిన చెక్కబాట వెంట నడిచాను. 1978లోనే ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. నల్లమడ, తెల్లమడ, వాటి వేళ్ళు బురదలోనుండి పైకి పొడుచుకొని గాలి పీల్చుకొంటాయి. తిల్ల చెట్టు పాలు కంటిలో పడితే చూపు పోతుందని కాపలాదారు దూరంగా ఉండమన్నాడు. బాట చివర నిలబడి తూర్పుకు చూశాను. చెట్లు. ఏరు. మళ్ళీ చెట్లు. ఇసుక గీత లేదు. ఇక్కడినుండి ఎవరూ దానిని చూసి ఉండరు.

మరి నానీ ఎందుకు కోరంగి అన్నది? తిరుగు బస్సులో కూర్చున్న తరువాత గాని నాకు స్ఫురించలేదు. బర్మాలో తెలుగు కూలీలందరినీ కోరంగీలు అని పిలిచేవారు. ఏ ఊరివాడైనా, ఏ రేవులో ఓడ ఎక్కినా అక్కడ కోరంగివాడే. ఆ రేవు చచ్చిపోయిన తరువాత కూడ దాని పేరు ఆ పనివారిని పట్టుకొని సముద్రం దాటింది. ఈ విషయం నేను ఎం.ఏ. చదివేనాటికే ఎరుగుదును, పరీక్షలో వ్రాశాను కూడ. "వాళ్ళ నాయన కోరంగివాడై పోయాడు" అని ఇంట్లో పెద్దలు అనగా విని, ఏడేండ్ల పిల్ల దానిని రేవు పేరు చేసుకొని ఉంటుంది. ఎనిమిదేండ్ల పాటు ఆమె బ్రతికి ఉండగా నాకు ఇది తట్టి ఉంటే, వెళ్ళి "నానీ, నువ్వు చూసింది నిజమే, మళ్ళీ చెప్పు" అని ఉండవచ్చును.

కాకినాడలో దిగి కాజాలు కొన్నాను. రైలులో ఒకటి తిన్నాను.

ఇంటికి చేరిన రాత్రి మాల్టానుండి పలకరింపు వచ్చింది. "దీవి చూశారటగా మేస్టారూ, బీచ్ ఎట్లా ఉంది?" అని. అతనికి ఇట్లా వ్రాశాను: "నీడ లేదు. త్రాగే నీరు మనమే తీసుకొనిపోవాలి. టీ దుకాణం లేదు, రాతి గుడులు లేవు. అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. పడవ తెల్లవారుజామునే బయలుదేరాలి, లేకపోతే ఎండ భరించలేవు. పడవ అఖాతంలోకి రాగానే ఎదురుగా చూస్తూ ఉండు, ఒక గీత కనబడుతుంది. నీవు సెలవులకు వచ్చినప్పుడు కలిసి వెళదాము. మీ అమ్మగారిని కూడ తీసుకొనిరా."